దూర్బీనుకు పెట్టిన బొట్టు

మొన్న ఆయుధపూజ నాడు మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నిచ్చెనెక్కి సీసీ కెమెరా అద్దం మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టాడు. కంప్యూటర్లకు, బీరువాలకు, ఆఖరికి స్టాప్లరుకు కూడా పెట్టాక ఇంకేం మిగిలిందా అని చుట్టూ చూస్తే అదొకటి కనిపించిందట. లోపలి గదిలో టీవీ తెర మీద ఆఫీసంతా ఎర్రటి మసకలో మునిగిపోయింది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేను నవ్వలేదు. తుడవమన్నాను. "పండగపూట బొట్టు తుడవకూడదు మేడమ్, రేపు తుడుస్తా" అన్నాడు వాడు. నేనే కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఈ మోకాళ్ల నొప్పులతో నిచ్చెనెక్కాను. కొంగుతో తుడిచాను. మేడమ్‌కు చాదస్తం ముదిరిందని వెనక ఎవరో అన్నారు. అననీ. ఇలాంటి బొట్టే ఒకటి చిన్నప్పుడు నేనూ పెట్టాను. ఆనాడూ ఇలాగే తుడిచాను. అసలు తప్పు ఆ తుడవడంలోనే ఉంది.

మా ఊరు పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో బస్సు దిగి మైలు దూరం నడిస్తే వచ్చే మెట్ట ఊరు. చుట్టూ గుట్టలు, గుట్టల కింద చేలు. వానొస్తే వేరుశనగ, రాకపోతే కంపచెట్లు. కాయ ఊరే రోజుల్లో గుట్టల్లోంచి అడవి పందులు దిగేవి. ఒక్క మంద దిగితే చాలు, మనిషి నాలుగు నెలలు పడ్డ కష్టాన్ని ఒక్క పూటలో మూతులతో దున్నేసి పోతాయి. అందుకని మా తాతకు పంటకాపు లైసెన్సు ఉండేది, దాంతోపాటు ఒక తుపాకీ.

ఆ తుపాకీని ఎవరో రైల్వే కంట్రాక్టరు దగ్గర మా తాత తండ్రి తీసుకున్నాడట. విలాయతీ సరుకు. పొడుగ్గా, బరువుగా, నూనె వాసన వేస్తూ నడవాలో కొయ్యకు వేలాడేది. తాత దాన్ని రోజూ తుడిచేవాడు. మా అవ్వ చూసి మూతి తిప్పేది. "నన్ను చేసుకునేదానికి ముందే దీన్ని చేసుకున్నాడు. నేను రెండోదాన్ని" అనేది. వంటింట్లోకి మాత్రం దాన్ని రానిచ్చేది కాదు. కాల్చేసిన తూటా గుల్లలు నా పాలిటి ఈలలు. పెదవికి ఆనించి ఊదితే ఊరవతల మేకలు కూడా తలెత్తి చూసేవి. బడికి తీసుకుపోయి ఊదినందుకు ఒకసారి పంతులమ్మ నన్ను ఎండలో నిలబెట్టింది. తాతకు తెలిసి, తుపాకీని అవమానించావన్నట్టు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక్క గుండుకు ఒక్క పంది అని ఆయనకు పేరు. రెండో గుండు పేల్చాల్సి వస్తే ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో పెట్టి రసీదు తెచ్చుకోవాలి. మావైపు కక్షలు ఎక్కువ కాబట్టి పెట్టించుకోవడం తొందరగా, తిరిగివ్వడం నిదానంగా జరిగేది. ఆ విడత ఒకదాని వెంట ఒకటి ఎలక్షన్లు రావడంతో తుపాకీ రెండు వానకాలాలు అక్కడే ఉండిపోయింది. ఆ రెండేళ్లలోనే తాత రెండు కళ్లకూ శుక్లాలు కమ్మాయి. తుపాకీకి తుప్పు, తాతకు పొర, రెండూ ఒకేసారి పట్టాయి.

ధర్మవరానికి రైల్లో తీసుకుపోయి కుడి కంటికి ఆపరేషన్ చేయించారు. కంటి లోపల అద్దం పెట్టారని ఊరంతా వచ్చి చూసిపోయింది. అద్దం బయటికి కనపడుతుందేమోనని నేనూ దగ్గరగా చూశాను. నలభై రోజులు తలకు నీళ్లు పోయలేదు, నమిలేది ఏదీ పెట్టలేదు. రాగి జావ, మెత్తటి పప్పన్నం. "పండ్లు ఉండీ లేనోని తిండి" అని తాత గొణిగేవాడు. ఇది బాగా కుదురుకుంటే దీపావళి అయ్యాక ఎడమ కంటికి కూడా చేస్తానని డాక్టరు చెప్పాడు. తాత లెక్క ఒక్కటే. ఈ కన్ను పనికొచ్చిందో లేదో చేనులో తేలాలి. తేలితే రెండోది. "ఒక ఎద్దు నడకను చూసి గదా ఇంగో ఎద్దును కొనేది" అన్నాడు మా నాయనతో.

స్టేషన్ నుంచి తుపాకీ తిరిగి వచ్చింది. గోనెపట్టా విప్పి చూస్తే గొట్టం నిండా ఎర్ర తుప్పు, భుజానికి ఆనే కట్టె మీద పగులు, చెదలు తిన్న వాసన. కొత్త కన్నుతో తాత చూసిన మొదటి దుఃఖం అది. కంట్లో నీళ్లు రాకూడదన్నారు గనక తల పైకెత్తి కూర్చున్నాడు.

హిందూపురంలో చింతపండు మండీల వెనక సందులో ఒక తుపాకుల మేస్త్రీ ఉండేవాడు. లైసెన్సున్న పాత మనిషి. తాతకు నలభై ఏళ్ల స్నేహితుడు, నాకు సాయిబు తాత. తాతకు బస్సు బోర్డులు ఇంకా సరిగా కనపడేవి కావు, అవి చదవడానికి ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకునేవాడు. ఆ సందులోకి తిరగ్గానే చింతపండు పులుపు, ఎండుమిరపకాయల ఘాటు కలిసి ముక్కులోకి దూరేవి. తుమ్ముకుంటూ అంగడి మెట్లెక్కితే లోపల కిరసనాయిలు వాసన.

మొదటి రోజు సాయిబు తాత తుపాకీని వెలుగులోకి పట్టి చూశాడు.

"ఏమప్పా, ఇది తుపాకీనా, పాడుబాయిలో నుంచి తీసిన గడ్డపారనా?"

"నీ చేతిలో పెట్టినా. ఇంగ ఏమైనా అనుకో" అన్నాడు తాత.

కిరసనాయిల్లో నానబెట్టాడు. ఇత్తడి కుచ్చును పొడుగు కమ్మీకి కట్టి గొట్టంలో తోసి లాగితే ఎర్రటి బురద కారింది. వారం తర్వాత మళ్లీ పోతే ఆ బురద గోధుమ రంగుకు తిరిగింది, ఆపై వారం ఉత్త నూనె వచ్చింది. పై తుప్పును సన్నటి గీకుడు కాగితంతో, ఒకే వైపుగా, తొందర లేకుండా తీశాడు. కట్టెలో పడ్డ నొక్కులకు తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించేవాడు. సుయ్యిమని ఆవిరి లేచేది, నొక్కుపడ్డ చెక్క ఉబ్బి పైకొచ్చేది. నాకది గారడీ. తర్వాత అవిసె నూనె అరచేతిలో పోసుకుని కట్టె వేడెక్కేదాకా రుద్దేవాడు. మా ఇంట్లో దండిగా ఉన్న శెనక్కాయ నూనె తెస్తానన్నాను. "ఆ నూనె జిగట కడతాది పాపా. పనిముట్టుకు ఏది పడితే అది పూయకూడదు" అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది, అక్కడే ఆగిపోయింది.

తుప్పు వదిలాక తాత తుపాకీని భుజానికి ఆనించి వీధి వైపు గురి చూశాడు. చాలాసేపు చూశాడు. దించి, బల్ల మీద పెట్టి, నెమ్మదిగా చెప్పాడు.

"గొట్టం కొనమింద గురి చూసే గింజను చూస్తే పంది కనపడదు సాయిబూ. పందిని చూస్తే గింజ కనపడదు. దగ్గరిదీ దూరందీ నాకు కలవడం లేదు."

ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆయన. సాయిబు తాత బీడీ ఆర్పి పక్కన పెట్టాడు.

"కంట్లో పెట్టిన అద్దం ఒకే దూరానికి పనిచేస్తాదప్పా. దూర్బీను పెడదాం. దాంట్లో గురీ పందీ ఒకేచోట కనపడతాయి."

"దూర్బీను పెట్టి కొట్టేది వేట కాదు, ఫోటో తీసేది."

"కట్టె ఊతం పెట్టుకొని నడిస్తే నడక కాదా? సుమ్నె, ఊరికే ఉండప్పా."

బెంగళూరు పాత సామాన్ల సంతలో వెతికి ఒక దూర్బీను తెచ్చాడు. జానెడున్నర పొడుగు నల్ల గొట్టం, రెండు కొసలా అద్దాలు. లోపల సన్నటి గీతలతో కూడిక గుర్తు. పూర్వం ఆ గీతలను సాలీడు దారంతో చేసేవాళ్లని సాయిబు తాత చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ఒక్క సాలెగూడునూ అవ్వను దులపనివ్వలేదు నేను.

దాన్ని తుపాకీకి కూర్చడం మాత్రం నెల పట్టింది. పాత ఉక్కు గట్టిది, రంధ్రం ఒక వెంట్రుకవాసి పక్కకు పోతే గురి గజం పక్కకు పోతుందట. నాలుగు చోట్ల గుర్తుపెట్టి, చెరిపి, మళ్లీ పెట్టి, ఊపిరి బిగపట్టి బెజ్జం వేశాడు. లారీ కమాను ముక్కను అరగదీసి ఆధారం చేశాడు, దాని మీద రెండు ఉంగరాలు, ఉంగరాల్లో దూర్బీను. తీరా బిగిస్తే తూటాను లోపలికి తోసే గొళ్లెం పైకి లేచినప్పుడల్లా దూర్బీనుకు కొట్టుకుంది. తాత ముఖం మాడిపోయింది. సాయిబు తాత గొళ్లెం విప్పి, తడి గోనెగుడ్డ చుట్టి, పిడి ఒక్కటే కొలిమిలో ఎర్రగా కాల్చి కిందికి వంచాడు. కాలిన గోనె వాసన నా గౌనుకు పట్టి ఇంటిదాకా వచ్చింది.

ఆఖరి ఆదివారం తుపాకీని బల్లకు బిగించి, గొళ్లెం తీసేసి, వెనక నుంచి గొట్టంలోకి నన్ను చూడమన్నాడు. పావలా బిళ్లంత వెలుగు. ఆ వెలుగులో దూరంగా నీళ్ల ట్యాంకు నిచ్చెన. ఇప్పుడు దూర్బీనులో చూడమన్నాడు. అదే నిచ్చెన, మెట్లు లెక్కపెట్టుకునేంత దగ్గరగా, కాస్త ఎడమకు. చిన్న మరలు తిప్పుతూ కూడిక గుర్తును ఆ నిచ్చెన మీదికే తెచ్చాడు. తర్వాత తాత చూశాడు.

"ట్యాంకు మింద కాకి ఉండాది" అన్నాడు తాత. "సాయిబూ, కాకి ముక్కు కూడా కనపడతాండాది."

నేను ఆ ముక్కును చూడలేదు. తాత ముఖమే చూశాను. అంత ఆనందం ఆ ముఖంలో ముందెప్పుడూ లేదు, తర్వాతా లేదు.

సాయిబు తాత పాత సైకిల్ ట్యూబు కోసి రెండు అద్దాలకూ బిగుతుగా మూతలు చేశాడు. మూతలు పెట్టి నన్ను పిలిచాడు. "పాపా, ఈ అద్దాలను ఎవరూ ముట్టకూడదు. వేలిమింద జిడ్డు ఉంటాది, పడితే మసక. మీ తాతకు దగ్గరివి కనపడవు, మసక పడినా తెలీదు. నువ్వే కాపలా. ఏం?" సరేనన్నాను. చదువు మీద ఒట్టు వేయించుకుని ఒక బన్ను చేతిలో పెట్టాడు. నా మీద ఒకరు బాధ్యత పెట్టడం అదే మొదలు. తిరుగు బస్సులో పోలీసుకు మల్లే నిటారుగా కూర్చున్నాను.

ఎండిపోయిన కుంట కట్టకు సున్నం పూసిన పాత చాట ఆనించి తాత గురి సరిచూసుకున్నాడు. తూటాలు కొన్నే ఉన్నాయి. మొదటిది చాట అంచుకు తగిలింది, మర తిప్పాడు. రెండోది బెత్తెడు దగ్గరికి వచ్చింది. మూడోది సున్నం నడుమ తగిలి చాట ఎగిరి పడింది. మా నాయన పరుగెత్తి చాట తెచ్చి ఊరంతా చూపించాడు. ఆ రాత్రి అవ్వ వేడి సంగటి ముద్ద మీద ఊరిబిండి పచ్చడి వేసి, నెయ్యి ధారగా పోసింది. "దీపావళి కానీ, రెండో కన్ను కూడా చేయించుకుంటా. అప్పుడు నీ ముఖంలో ముడతలు లెక్కబెడతా" అన్నాడు తాత. "లెక్కబెట్టి ఏం చేస్తావు, తిరిగిస్తావా?" అంది అవ్వ. మేం అందరం నవ్వాం. మా ఇంట్లో కడుపారా నవ్విన ఆఖరి రాత్రి అది.

మహర్నవమి వచ్చింది. ఇల్లంతా ఓళిగల బెల్లం వాసన. నడవాలో ఇంట్లోని ప్రతి పనిముట్టూ కడిగి వరసగా పెట్టారు. నాగలి, గుంటక, కొడవళ్లు, తూకంరాళ్లు, నాయన సైకిలు, అవ్వ కత్తిపీట, మధ్యలో తుపాకీ. పసుపు కుంకుమల పళ్లెం అవ్వ నా చేతికిచ్చింది. కుంకుమ రాలిపోకుండా ముందు వేలితో నూనె అద్ది, దాని మీద బొట్టు పెట్టడం మా ఇంటి అలవాటు. "ప్రతిదానికీ పెట్టు పాపా. ఒక్కటి మరిచినా అది అలుగుతాది" అంది.

అన్నిటికీ పెట్టాను. సైకిలు లైటుకు పెట్టాను. తుపాకీ కట్టెకు పెట్టాను, గొట్టానికి పెట్టాను. దూర్బీను దగ్గర ఆగాను. నల్ల మూత మీద పెడితే మూతకు పెట్టినట్టు గానీ దానికి పెట్టినట్టు కాదు కదా. ఒట్టు గుర్తొచ్చింది. కానీ ఆ ఒట్టు జిడ్డు వేళ్లు పెట్టకూడదని. దేవుని బొట్టు జిడ్డు ఎట్లవుతుంది? దానికి పెట్టకపోతే అది అలిగి తాతకు పందిని చూపకపోతే? పదకొండేళ్ల బుర్రకు ఎంత తర్కం కావాలో అంతా ఉంది. ఎవరూ చూడకుండా కంటి వైపు మూత తీసి, అద్దం నడిమధ్య శెనక్కాయ నూనె అద్ది, నిండుగా, గుండ్రంగా, ఆ రోజు పెట్టినవాటన్నిటిలోకీ అందంగా బొట్టు పెట్టాను. తాతకు బాగా కనపడాలి సామీ అని కళ్లు మూసుకుని మొక్కాను. మూత బిగించేశాను.

మర్నాడు విజయదశమి. కోడి కూసి, తూరుపు తెల్లబడుతున్న వేళకు తాతా నేనూ చేనులో మంచె మీద ఉన్నాం. సెలవు గనక నేను ఏడ్చి వెంటపడ్డాను. తడి మట్టి వాసన, పచ్చి కాయ వాసన. ముందు గుర్రుమనే చప్పుడు వినపడింది. తర్వాత వేపచెట్టు కింద పెద్ద పంది, దాని వెనక నాలుగైదు పిల్లలు. నాకు ఉత్త కళ్లకే కనపడుతున్నాయి.

తాత మూతలు రెండూ తీసి నా ఒళ్లో వేశాడు. తుపాకీ భుజానికి ఎత్తాడు. చూశాడు. దించి కన్ను నులుముకున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ దించాడు.

"పాపా, నీకు కనపడతాండాయా?" అన్నాడు గుసగుసగా.

"కనపడతాండాయి తాతా. ఆడ, యాపచెట్టు కింద. పెద్దది అడ్డంగా నిలబడినాది."

మూడోసారి చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. పంది తాపీగా తవ్వుకుంటోంది, మొక్కలు ఊడి వస్తున్న చప్పుడు మాకు వినపడుతోంది. తాత వేలు బిగుసుకుని మళ్లీ వదులైంది.

"ఎర్రగా మసక... ఏమీ లేదు" అన్నాడు. "కనపడనిదాన్ని కాల్చకూడదు. మనిషైనా ఉండొచ్చు ఆడ."

అంతే. తుపాకీ పక్కన పెట్టి, లేచి, పెద్దగా కేక వేశాడు. మంద గుట్టలోకి పారిపోయింది. అప్పటికే అర ఎకరం చదును. తాత మంచె దిగి, నీళ్ల తొట్టి దగ్గరికి పోయి, దోసిళ్లతో నీళ్లు తీసి కన్ను కడుక్కుంటూ నిలబడ్డాడు. కడుగుతూనే ఉన్నాడు.

నా ఒళ్లో మూత లోపలివైపు ఎర్రగా ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. దూర్బీను అద్దం చూస్తే నా అందమైన బొట్టు నూనెలో కరిగి అద్దమంతా అలుక్కుపోయి ఉంది. కేక వేసి తాతను పిలవాల్సింది. "తాతా, నీ కన్ను కాదు, ఇది" అనాల్సింది. ఐదు మాటలు. పిలవలేదు. పావడ అంచు తీసుకుని, ఉమ్మి తడిచేసి, గబగబా తుడిచాను. మూత తుడిచాను. అద్దం తళతళలాడేదాకా తుడిచాను. ఒట్టు తప్పినందుకు చదువు పోతుందని భయం. నాయన తోలు వలుస్తాడని భయం. సాయిబు తాత ఇంకెప్పుడూ బన్ను ఇవ్వడనే భయం కూడా ఉండింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

తాత తిరిగొచ్చాడు. "ఇంగోసారి చూడు తాతా" అన్నాను. అది సగం నిజం చెప్పడమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"ఇంగ చూసేది ఏముండాది" అని ఆయన మూతలు బిగించేశాడు.

నాలుగు రోజులకు తుపాకీ పట్టుకుని హిందూపురం పోయాం. తాత ఆశంతా ఒక్కటే, దూర్బీను చెడిపోయి ఉండాలని. నాకది తెలుసు. సాయిబు తాత మూతలు తీసి వీధిలోకి చూశాడు, ట్యాంకు వైపు చూశాడు.

"బాగుండాదే. నువ్వు చూడప్పా."

తాత చూశాడు. నిచ్చెన కనపడింది. మెట్లు కనపడ్డాయి. దించి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు కనపడతాండాది" అన్నాడు.

సాయిబు తాత నా వైపు తిరిగాడు. "పాపా, అద్దం ఎవరన్నా ముట్టుకున్నారా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. చింతపండు వాసన, ఎక్కడో సుత్తి చప్పుడు. ఆ క్షణాన్ని నేను ఎన్ని వేలసార్లు మళ్లీ బతికానో లెక్కలేదు. ప్రతిసారీ నిజం చెప్తాను. ఆ రోజు మాత్రం "లేదు" అన్నాను.

"అయితే దూర్బీనులో దోషం లేదప్పా" అన్నాడు సాయిబు తాత, పాపం, మెల్లగా. "కన్నే అలిసిపోయిందేమో. వయసు గదా."

ఆయన ఎన్నడూ అబద్ధం చెప్పని మనిషి. అందుకే తాత నమ్మాడు. "ట్యాంకు కనపడతాది, పంది కనపడదు. వచ్చీపోయే కన్ను. ఇట్లాంటి కన్ను పెట్టుకొని తుపాకీ పట్టుకుంటే ఏదో ఒక పొద్దు మనిషిని చంపుతా" అన్నాడు. ఆ వారమే తుపాకీని, లైసెన్సును స్టేషన్లో ఇచ్చేశాడు. ఈసారి రసీదు దాచుకోలేదు. సాయిబు తాత నాలుగు నెలల పని, ఆ కట్టె, ఆ గొళ్లెం, ఆ దూర్బీను, అన్నీ స్టేషన్ పాత సామాన్ల గదిలోకి పోయాయి.

దీపావళి వచ్చింది, పోయింది. నాయన ధర్మవరం పోదామన్నాడు. "చేయించుకున్న కన్నే పని పడినప్పుడు మోసం చేసింది. ఇంగోదానికి ఎందుకు కత్తి?" అన్నాడు తాత. అవ్వ ఏడ్చింది, అన్నం మానేసింది. ఆయన కదల్లేదు. ఎడమ కన్ను మూసుకుపోయింది. కొన్నేళ్లకు కుడి కన్నూ మసకబారింది, నొప్పి చేసింది. అది ముందే పోయిన కన్ను అన్నట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు. అరుగు మీద గుట్టకు వీపు పెట్టి కూర్చునేవాడు. సాయంత్రాలు నన్ను పిలిచేవాడు. "ఏం కనపడతాండాదో చెప్పు పాపా." గొర్రెలు వస్తున్నాయని, మబ్బు పట్టిందని, అవ్వ మళ్లీ కోడిని తరుముతోందని చెప్పేదాన్ని. అంతా చెప్పేదాన్ని, ఆ ఒక్కటి తప్ప.

నేను ఇంటరు చదివే రోజుల్లో, అవ్వ చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం చెప్పేశాను. ఏడుస్తూ, ముక్కు చీదుతూ, బొట్టు నుంచి బన్ను దాకా అంతా. తాత వింటూ ఉన్నాడు. అరుగు మీద ఆయన చేతులు రెండూ కదలకుండా ఉన్నాయి. తిడతాడని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"చెప్పాల్సిన పొద్దు చెప్పలేదు" అన్నాడు చివరికి. "కన్ను పోయింది, అంతే అని కుదురుకుంటిని. ఇప్పుడు చెప్పినావు. ఇంగ నేను యాడ కుదురుకునేది?"

ఆ రాత్రంతా ఆయన మంచం కిర్రుమంటూనే ఉంది. తెల్లారి పంచె కట్టుకుని, కట్టె చేతబట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "ధర్మవరంలో ఆ డాక్టరు ఇంగా ఉండాడా పాపా?" అన్నాడు. ఆ గొంతులో కాకి ముక్కు చూసిన రోజు ఆశ ఉంది. నేను చచ్చిపోయాను ఆ గొంతు వినగానే.

డాక్టరు లైటు వేసి రెండు కళ్లూ చూశాడు. నన్ను బయటికి పిలిచి చెప్పబోతే తాత లోపల్నుంచే "ఈడనే చెప్పు సార్, పోయింది నాకు గదా" అన్నాడు. లోపల ఒత్తిడి పెరిగి నరాలు ఎండిపోయాయన్నాడు డాక్టరు. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఒక కన్నయినా దక్కేదన్నాడు. తాత చేతులెత్తి దండం పెట్టాడు, డాక్టరు లేని వైపుకు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. చాలా ఊళ్లు దాటాక అన్నాడు. "ఈ మాట సాయిబుకు చెప్పద్దు. నా మాట విని పోగొట్టుకున్నాడే అని కుమిలిపోతాడు." సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను. సాయిబు తాత పోయేదాకా, దూర్బీనులో దోషం లేదనీ, పాపం కన్నే దెబ్బతీసిందనీ చెప్పుకుంటూనే ఉన్నాడు. నేను తలాడిస్తూనే ఉన్నాను.

పెనుకొండ కొండ కనపడే మలుపు తిరిగింది బస్సు. తాత నా చేయి పట్టుకున్నాడు.

"పాపా, ఆ పొద్దు బొట్టు లేకుంటే కొట్టి ఉందునా?"

"పెద్ద పంది అడ్డంగా నిలబడినింది తాతా. కొట్టి ఉందువు. ఒక్క గుండుకే."

తాత ముఖం కాస్త విప్పారింది. ఆయన చూపుడు వేలు నా అరచేతిలో, తుపాకీ మీట నొక్కినట్టు, ఒక్కసారి మెల్లగా వంగి, వదిలేసింది. మరుసటి వేసవిని ఆయన దాటలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను ఒక మాట చెప్పుకుంటూ వచ్చాను. పసిదాన్ని, మంచి మనసుతో పెట్టానని. నిజమే, పెట్టింది మంచి మనసుతోనే. తుడిచింది మాత్రం కాదు.